స్లాబు పెచ్చులూడితే ఎంత ఖర్చవుతుంది? ఇంటి సీలింగ్ మరమ్మతుకు సమగ్ర మార్గదర్శి

సీలింగ్ మీద చెమ్మ మచ్చ కనపడగానే చాలా ఇళ్లలో ముందు పెయింటర్‌కి ఫోన్ వెళ్తుంది. అతను వచ్చి గీకి, లప్పం పెట్టి, రంగు వేసి నాలుగైదు వేలు తీసుకుంటాడు. మళ్లీ వానలు పడగానే అదే చోట మచ్చ తేలుతుంది, ఈసారి ఇంకాస్త పెద్దగా. మళ్లీ లప్పం, మళ్లీ రంగు. ఇలా కొన్నేళ్లు గడిచేసరికి లోపల రాడ్డు తుప్పు పట్టి, ఒకరోజు పెచ్చు ఊడి మంచం మీద పడుతుంది. ఇన్నేళ్లూ రంగులకు పోసిన డబ్బు పైన టెర్రస్ బాగు చేయించడానికి చాలావరకు సరిపోయేది.

అందుకే సీలింగ్ ఖర్చు గురించి అడిగిన ప్రతివారికీ నేను ముందు చెప్పేది ఒకటే. కింద కనిపించే నష్టానికి రేటు అడగకండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకుని, ఆ తర్వాత రేటు అడగండి. ఈ వరస తప్పితే ఎంత మంచి మేస్త్రీని పెట్టినా డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

ఇందులో ఇచ్చిన ధరలు హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో మామూలుగా అడిగే రేట్లకు దగ్గరగా ఉంటాయి. వీటిని బేరానికి మొదలుగా తీసుకోండి, ఖాయం చేసే ముందు మీ ఊళ్లో ఇద్దరు ముగ్గురిని అడగండి. చిన్న ఊళ్లలో కూలి కాస్త తగ్గుతుంది కానీ కెమికల్స్, పెయింట్ల ధరలు పెద్దగా తగ్గవు.

మొదటి అడుగు: ఏ రకం దెబ్బో గుర్తుపట్టండి

ఒక పొడవాటి కర్ర తీసుకుని సీలింగ్‌ను అడుగడుగుకీ మెల్లగా కొట్టి చూడండి. గట్టి చోట గట్టి శబ్దం వస్తుంది. ప్లాస్టరింగ్ స్లాబును వదిలేసిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్లగా మోగిన భాగం చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. కొట్టేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడకండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఇది అతి జాగ్రత్త కాదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న కాంక్రీట్ పెచ్చు ఐదు కిలోలు దాటుతుంది.

తర్వాత రంగు చూడండి. పసుపు, లేత గోధుమ అంచులున్న మచ్చ అయితే నీరు చేరి ఆరిపోతోందని అర్థం. తెల్లటి ఉప్పులాంటి పొడి రాలుతుంటే నీళ్లు కాంక్రీట్ గుండా నడుస్తూ లోపలి లవణాలను బయటికి తెస్తున్నాయి. ఈ రెండింటికీ పెద్దగా కంగారు పడక్కర్లేదు. ఎర్రటి తుప్పు మరక, లేదా ఆరేడు అంగుళాల దూరంలో ఒకదాని పక్కన ఒకటి తిన్నగా సాగే పగుళ్లు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు. ఆ పగుళ్లు రాడ్ల వెంబడే వస్తాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీట్ పగిలి పెచ్చుగా విడిపోతుంది.

పాత ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. స్లాబు వేసేటప్పుడు రాడ్ల కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీట్ ఉండాలని కాంక్రీట్ పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది, సముద్రతీరంలో అయితే ఇంకా ఎక్కువ కావాలి. కవర్ బ్లాకులు (రాడ్లను ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) పెట్టకుండా రాడ్లను సెంట్రింగ్ రేకుల మీదే పరిచేసి స్లాబు పోసిన ఇళ్లు మన దగ్గర కోకొల్లలు. అక్కడ రాడ్డుకూ గాలికీ మధ్య మిగిలేది ప్లాస్టరింగ్ ఒక్కటే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పు గాలి, ఉప్పు బోరు నీళ్లతో కలిపిన కాంక్రీట్ కూడా తోడైతే తుప్పు ఇంకా తొందరగా మొదలవుతుంది.

పెచ్చు ఊడిన గదిలో ఫ్యాన్ ఉంటే ముందు ఆ ఫ్యాన్ దించేయండి. ఫ్యాన్ హుక్కు కూడా ఆ రాడ్లకే కట్టి ఉంటుంది. చెమ్మ ఉన్న చోట సీలింగ్ లైటు పాయింటు ఉంటే ఆ లైన్ ఎంసీబీ (కరెంటు బోర్డులోని స్విచ్చు) ఆపి ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. పని అయ్యేదాకా పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఆ గదిలో పడుకోబెట్టవద్దు.

రెండో అడుగు: నీళ్ల దారి పట్టుకోండి

దీనికి ఖర్చు దాదాపు ఉండదు, ఓపిక కావాలి.

వాన పడ్డ ఒకటి రెండు రోజుల్లోనే మచ్చ పెరిగి, ఎండలకు ఆరిపోతుంటే టెర్రస్ మీద అనుమానం. వానతో పనిలేకుండా ఏడాది పొడుగునా తడి ఉంటే పై బాత్రూమ్, పైపులు, ఓవర్‌హెడ్ ట్యాంకు చూడాలి. తెల్లవారి అందరూ స్నానాలు చేసిన కాసేపటికే చుక్కలు మొదలైతే అది డ్రైన్ పైపు. రాత్రీ పగలూ ఒకే తీరుగా కారుతుంటే ట్యాంకు నుంచి దిగే ఒత్తిడి పైపు.

టెర్రస్ పరీక్షకు నీళ్లు పోయే గొట్టాల నోళ్లు గుడ్డలతో మూసి, రెండు అంగుళాల లోతు నీళ్లు నిలబెట్టి 48 గంటలు చూడండి. టెర్రస్ పెద్దదైతే ఇటుక, మట్టితో చిన్న కట్ట కట్టి భాగాలుగా చేయండి. అప్పుడు ఏ భాగంలో లోపం ఉందో కూడా తెలుస్తుంది. రాడ్లు బయటపడి స్లాబు వంగినట్లు అనిపిస్తే మాత్రం ఈ పరీక్ష వద్దు. రెండు అంగుళాల నీళ్లంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు.

బాత్రూమ్‌కి నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) మూసి, నేల మీద అంగుళం నీళ్లు నిలబెట్టి ఒకరోజు వదలాలి. నీళ్లలో కాస్త రంగు కలిపితే కింద వచ్చే చుక్క ఎక్కడిదో వాదన లేకుండా తేలుతుంది. అపార్ట్‌మెంట్లలో ఈ రంగు నీళ్లే చాలా గొడవలు ఆపుతాయి. పైవాళ్లు నమ్మాలంటే వాళ్ల ముందే చేయండి.

ఒత్తిడి పైపుకి ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు చూడండి. మీటరు లేకపోతే మోటారు వేయకుండా ట్యాంకు మట్టం రాత్రికి రాత్రి తగ్గుతోందేమో గుర్తు పెట్టుకోండి.

టెర్రస్ మీద తిరిగేటప్పుడు మొత్తం గచ్చు చూసేకంటే మూడు చోట్ల జాగ్రత్తగా చూడండి: పిట్టగోడ స్లాబును కలిసే మూల, వాన గొట్టం నోరు, ట్యాంకు దిమ్మె చుట్టూ. లీకేజీలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. వాటం సరిగా లేక నీళ్లు మడుగు కట్టే చోట నాచు పట్టి నల్లగా కనిపిస్తుంది. అదీ గుర్తు పెట్టుకోండి.

మూడో అడుగు: ఇంజినీర్ అవసరమా?

చిన్న మచ్చకీ, ప్లాస్టరింగ్ ఊడినందుకీ అక్కర్లేదు. రాడ్లు బయటపడ్డా, స్లాబు మధ్యలో దిగినట్టు కనిపించినా, దూలానికి పగులు వచ్చినా తప్పకుండా కావాలి. స్ట్రక్చరల్ ఇంజినీర్ ఇంటికి వచ్చి చూసి రాతపూర్వకంగా చెప్పడానికి రూ.3,000 నుంచి రూ.10,000 దాకా తీసుకుంటారు. కాంక్రీట్ గట్టితనం చూసే రిబౌండ్ హ్యామర్, రాడ్ల తుప్పు చూసే హాఫ్ సెల్ లాంటి పరీక్షలు చేయిస్తే వాటికి విడిగా అవుతుంది. కాంట్రాక్టర్ ఉచితంగా చూసి పెడతానంటే సంతోషమే కానీ అతను పని అమ్ముకునే మనిషి. ఇంజినీర్‌కి ఇచ్చే ఐదు వేలు చాలాసార్లు యాభై వేల అనవసరపు పని ఆపుతాయి. అవసరమైన పనిని వాయిదా వేయకుండానూ చేస్తాయి.

ఇంజినీర్లు చేసే ఒక చవక పరీక్ష గురించి తెలుసుకోండి. అప్పుడే పగలగొట్టిన కాంక్రీట్ మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న చోట గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు రాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అంత లోతు దాకా చేరి, ఇనుమును కాపాడే క్షారగుణం పోయిందని అర్థం. ఆ లోతు రాడ్డును దాటిపోతే పైపై పూత పనికిరాదు.

రాడ్డు ఎంత మిగిలిందో కొలిపించండి. 8 మిల్లీమీటర్ల రాడ్డు తుప్పు గీకాక 6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే చూడటానికి కొంచెమే తగ్గినట్టుంటుంది. దాని బలం మాత్రం 44 శాతం పోయింది. అక్కడ పాత రాడ్డుకు పక్కన కొత్త రాడ్డు కట్టాల్సిందే.

నాలుగో అడుగు: కింది పనికి అయ్యే ఖర్చు

ముందుగా కూలి లెక్క తెలిస్తే మిగతా రేట్లు అర్థమవుతాయి. నగరాల్లో మేస్త్రీకి రోజుకు రూ.1,000 నుంచి 1,400, అతని వెంట వచ్చే కూలీకి రూ.700 నుంచి 1,000 నడుస్తోంది. అంటే ఇద్దరు మనుషులు ఇంట్లో అడుగు పెడితే సామాను కాకుండానే రెండు వేలు. అందువల్ల పది చదరపు అడుగుల చిన్న పనికి చదరపు అడుగు రేటు వర్తించదు. ఎంత చిన్నదైనా రూ.3,000 కంటే తక్కువకు ఎవరూ రారు. ఇంట్లో ఉన్న చిన్న చిన్న పనులన్నీ ఒకేసారి చేయించుకుంటేనే లాభం.

మచ్చ మాత్రమే ఉండి ప్లాస్టరింగ్ గట్టిగా ఉంటే, లీకేజీ ఆపి పూర్తిగా ఆరాక గీకి, లప్పం రెండు కోట్లు, ప్రైమర్, రంగు రెండు కోట్లకు చదరపు అడుగుకు రూ.15 నుంచి 25. మచ్చ ఉన్న చోట ఒక్కటే వేస్తే రంగు తేడా కొడుతుంది కాబట్టి ఆ గది సీలింగ్ మొత్తం లెక్క వేసుకోండి. సన్న పగులును వీ ఆకారంలో కోసి నింపడానికి అడుగు పొడవుకు రూ.40 నుంచి 80.

ప్లాస్టరింగ్ డొల్లయితే దాన్ని చెక్కేసి, స్లాబుకు గాట్లు పెట్టి, బాండింగ్ కోట్ (పాతదానికి కొత్తది అంటుకునేలా చేసే పూత) వేసి కొత్త ప్లాస్టరింగ్ చేయడానికి సామానుతో కలిపి చదరపు అడుగుకు రూ.80 నుంచి 130. కొత్త ఇంటి ప్లాస్టరింగ్ రేటుతో దీన్ని పోల్చి ఎక్కువ అడుగుతున్నారని అనుకోవద్దు. తల పైకెత్తి చెక్కడం, సామాన్లు కప్పడం, మట్టి మోయడం ఇందులోనే ఉంటాయి.

రాడ్లు తుప్పు పట్టిన చోట పని వేరు, రేటూ వేరు. చదరపు అడుగుకు రూ.200 నుంచి 400 దాకా అవుతుంది, మందం పెరిగేకొద్దీ ఇంకా. ఇక్కడే ఎక్కువ మోసం జరుగుతుంది కాబట్టి పని వరస వివరంగా చెబుతాను. వదులైన కాంక్రీట్‌ను గట్టి భాగం తగిలే వరకు చెక్కాలి. తుప్పు రాడ్డు కింది వైపే కాదు, వెనక వైపు కూడా వేలు దూరేంత ఖాళీ చేయాలి. చాలామంది ఇది ఎగ్గొట్టేస్తారు. వెనక తుప్పు అలాగే ఉండిపోతే రెండేళ్లలో మళ్లీ పెచ్చు లేస్తుంది. తర్వాత వైరు బ్రష్‌తో, అవసరమైతే గ్రైండర్‌తో ఇనుము తెల్లగా మెరిసే దాకా రుద్ది, జింక్ ప్రైమర్ లాంటి తుప్పు నిరోధక పూత వేయాలి. పాత కాంక్రీట్‌కు బాండింగ్ కోట్ కొట్టి, అది ఆరిపోకముందే పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంట్ మాలు) పెట్టాలి. సీలింగ్‌కి ఒకేసారి మందంగా పెడితే జారిపోతుంది, 10 నుంచి 15 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టుకుంటూ రావాలి. రెండు అంగుళాలకు మించి లోతు పోయిన చోట కింద సెంట్రింగ్ కట్టి మైక్రో కాంక్రీట్ (సన్న సందుల్లోకీ పారే పల్చటి కాంక్రీట్) పోయడమే మేలు.

మామూలు సిమెంట్, ఇసుక కలిపి మెత్తేస్తానని, చదరపు అడుగుకు వంద చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తుప్పు మీద సిమెంట్ మెత్తితే అది కొన్నాళ్లకు మరింత బరువుతో ఊడి పడుతుంది.

గ్రౌటింగ్ అంటే స్లాబుకు రంధ్రాలు వేసి నాజిల్స్ ద్వారా ఎపాక్సీనో, పీయూ (పాలీయురేథేన్) అనే రసాయనాన్నో ఎక్కించడం. నాజిల్‌కు రూ.200 నుంచి 400. కదలిక లేని పగుళ్లకూ, పైనుంచి పగలగొట్టడం కుదరని లీకేజీలకూ ఇది బాగా పనిచేస్తుంది. టెర్రస్ అంతా పాడైపోయినప్పుడు కింద నుంచి గ్రౌటింగ్ చేస్తే ఇక్కడ ఆగిన నీరు పక్కన తేలుతుంది.

జిప్సం ఫాల్స్ సీలింగ్ అయితే లెక్క సులభం. తడిసి ఉబ్బిన బోర్డు ఆరినా పాత బలం రాదు, కోసి మార్చాల్సిందే. కొత్తగా వేయడానికి చదరపు అడుగుకు రూ.90 నుంచి 140 నడుస్తోంది. రెండు మూడు బోర్డుల మరమ్మతుకు రంగుతో కలిపి రూ.6,000 నుంచి 10,000 అనుకోండి. ఫాల్స్ సీలింగ్ ఉన్నవాళ్లకు నా గట్టి సలహా: పై స్లాబును చూసుకునేలా కనీసం ఒక తలుపు పెట్టించండి. పెచ్చులూడటం ఫాల్స్ సీలింగ్ వెనక జరిగితే బోర్డు మీద పడేదాకా తెలియదు. స్లాబు అందవిహీనంగా ఉందని దాని కింద ఫాల్స్ సీలింగ్ కట్టి దాచేయడం మాత్రం ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

స్లాబు మరమ్మతుకు లొంగదని ఇంజినీర్ తేలిస్తే, కొట్టేసి కొత్తది పోయడానికి చదరపు అడుగుకు రూ.450 నుంచి 700 అవుతుంది. జాకీలు, మట్టి తరలింపు అందులో కలిపారో లేదో అడగండి.

టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో కట్టిన పాత మద్రాస్ టెర్రస్ ఇళ్లకు పైన చెప్పిన రేట్లేవీ వర్తించవు. వాటికి సిమెంట్ పడదు. సున్నపు పని తెలిసిన మేస్త్రీని వెతికి, దూలాల చివర్లు గోడలో పుచ్చిపోయాయేమో ముందు చూపించండి.

ఐదో అడుగు: పై పనికి అయ్యే ఖర్చు

టెర్రస్ గచ్చు గట్టిగా ఉండి సన్న పగుళ్లే ఉంటే ఫైబర్ మెష్ వేసి రెండు మూడు కోట్ల యాక్రిలిక్ పూత చాలు, చదరపు అడుగుకు రూ.35 నుంచి 65. దీన్నే ఏ కంపెనీది వేసినా ‘డాక్టర్ ఫిక్సిట్ కొట్టడం’ అనేస్తుంటారు. కాబట్టి డబ్బా మీద ఏ కంపెనీ, ఏ రకం అని చదివి చూడండి. పీయూ పూత రూ.70 నుంచి 130, ఎక్కువ కాలం ఉంటుంది. మంట పెట్టి అతికించే ఏపీపీ మెంబ్రేన్ (తారు షీటు) రూ.80 నుంచి 130. దాని మీద గచ్చు వేయకుండా ఎండకు వదిలేస్తే తొందరగా చెడుతుంది. వాటమే తప్పుగా ఉంటే పూతలతో పని జరగదు. పాత గచ్చు తీసి ఇటుక ముక్కలతో కోబా (మందపాటి గచ్చు పొర) వేసి కొత్త వాటం ఇవ్వాలి, రూ.120 నుంచి 180. కోబా స్లాబు మీద బరువు పెంచుతుంది కాబట్టి పాత కోబా మీదే కొత్తది ఎప్పుడూ వేయించవద్దు.

బాత్రూమ్ విషయంలో ముందు చిన్న పని చేయించి చూడండి. టైల్స్ సందులు గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపి, ట్రాప్ చుట్టూ సరిచేయడానికి రూ.5,000 నుంచి 9,000 అవుతుంది. దాంతో ఆగకపోతేనే టైల్స్ పగలగొట్టి, సంకెన్ స్లాబు (బాత్రూమ్ కింద పల్లంగా పోసిన స్లాబు) ఖాళీ చేసి, పైపులు మార్చి, వాటర్‌ప్రూఫింగ్ చేయించడం. దానికి మామూలు సైజు బాత్రూమ్‌కు రూ.40,000 నుంచి 75,000 దాకా సిద్ధపడాలి. టైల్స్ పెట్టే ముందే మళ్లీ నీళ్లు నిలబెట్టి చూడమని ఒప్పందంలో రాయించండి.

ఒక ఇంటి లెక్క

30 అడుగులకు 30 అడుగుల టెర్రస్ ఉన్న డాబా ఇల్లు అనుకుందాం. పడకగది 12 అడుగులకు 11, సీలింగ్ 132 చదరపు అడుగులు. అందులో 40 చదరపు అడుగుల్లో రాడ్లు బయటపడ్డాయి, మరో 30 చదరపు అడుగుల్లో ప్లాస్టరింగ్ డొల్లగా ఉంది.

రాడ్ల పని 40 అడుగులకు రూ.300 చొప్పున రూ.12,000. ప్లాస్టరింగ్ 30 అడుగులకు రూ.90 చొప్పున రూ.2,700. లప్పం, రంగు 132 అడుగులకు రూ.20 చొప్పున రూ.2,640. మట్టి తరలించడానికి రూ.2,000. గది లోపల మొత్తం రూ.19,340.

పైన టెర్రస్ 900 చదరపు అడుగులు. పూతను పిట్టగోడ మీదికి కూడా అడుగు ఎత్తు వేయాలి కాబట్టి చుట్టూ 120 అడుగులు కలిపితే 1,020. రూ.45 చొప్పున రూ.45,900. గొట్టాల నోళ్లు, పిట్టగోడ మూలల్లో గుండ్రంగా మెత్తడానికి రూ.5,000. పైన మొత్తం రూ.50,900.

రెండూ కలిపి రూ.70,240. గది లోపలి పని ఇందులో నాలుగో వంతు కంటే కాస్తే ఎక్కువ. డబ్బు ఒక్కసారిగా కుదరకపోతే ముందు వదులుగా ఉన్న పెచ్చులు దింపించేసి ప్రమాదం తప్పించండి, తర్వాత టెర్రస్, ఆ తర్వాతే రాడ్ల పని. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు. జీఎస్టీ బిల్లు తీసుకుంటే 18 శాతం అదనం, అంటే ఈ లెక్కకు సుమారు రూ.12,600. కంపెనీ గ్యారంటీ కావాలంటే బిల్లు తప్పదు. సొంతంగా సామాను కొనేవాళ్లకు ఒక ఊరట: సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

ఆరో అడుగు: కొటేషన్, ఒప్పందం

ముగ్గుర్ని పిలవండి, ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వండి. ఏ గదిలో ఎన్ని చదరపు అడుగులు, ఏ రకం పని అని మీరే రాసి ఇస్తే కొటేషన్లు పోల్చడానికి వీలవుతుంది. ‘మొత్తం కలిపి అరవై వేలు ఇవ్వండి సార్, నేను చూసుకుంటా’ అనే మాట మీద పని మొదలుపెట్టవద్దు. చెక్కడం మొదలయ్యాక దెబ్బతిన్న భాగం పెరగడం మామూలే. అందుకే చదరపు అడుగు రేటు ఖాయం చేసుకుని, చెక్కడం పూర్తయ్యాక ఇద్దరూ కలిసి టేపుతో కొలవాలి. మీరు అనుకున్న బడ్జెట్‌కు పైన 20 శాతం పక్కన పెట్టుకోండి.

కాగితంలో ఉండాల్సినవి: ఏ కంపెనీ ఏ మెటీరియల్, ఎన్ని కోట్లు, మోర్టార్ ఎంత మందం, రాడ్డు వెనక చెక్కడం, పరంజా, మట్టి తరలింపు, క్యూరింగ్ ఎవరు చేస్తారు, ఫర్నిచర్‌కు కవర్లు. ‘కెమికల్ వాటర్‌ప్రూఫింగ్’ అని రాస్తే ఏమీ రాయనట్టే.

పూతల్లో నీళ్లు ఎక్కువ కలిపి సాగదీయడం చాలా చోట్ల జరుగుతుంది. దానికి విరుగుడు ఉంది. బకెట్ మీద ఎన్ని లీటర్లకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. దాన్ని బట్టి ఎన్ని బకెట్లు పట్టాలో ముందే లెక్క వేసి, అవి మీ కళ్ల ముందు తెరిపించండి. ఖాళీ బకెట్లు పని అయ్యేదాకా పారేయనివ్వకండి.

సామానుకు 25 లేదా 30 శాతం అడ్వాన్స్ సరిపోతుంది. చెక్కి రాడ్లు శుభ్రం చేశాక కొంత, మోర్టార్ అయ్యాక కొంత ఇవ్వండి. రాడ్లు మూసేసే ముందు ఫోటోలు తీసుకోండి. పది శాతం డబ్బు ఒక గట్టి వాన చూశాకే ఇస్తామని మొదట్లోనే మాట్లాడుకోండి. మంచి పనివాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు. కూలీల రోజువారీ డబ్బు మాత్రం ఆపకండి.

పాత కాంక్రీట్‌ను వీధి చివర నాలాలో పోయించకండి. హైదరాబాద్‌లో నిర్మాణ వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంట్లు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. నగరపాలక సంస్థ ద్వారా డబ్బు కట్టి పంపవచ్చు.

ఏడో అడుగు: ఎప్పుడు చేయించాలి

ఫిబ్రవరి నుంచి మృగశిర కార్తె వచ్చేలోపు అనువైన కాలం. నెల్లూరు, తిరుపతి వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కూడా వానలు ఉంటాయి కాబట్టి ఆ నెలలు వదిలేయండి. మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న గచ్చు మీద పూత వేస్తే వేసింది వేసినట్టే ఎండి బుడగలు లేస్తుంది. పొద్దున్నే, సాయంత్రం వేయించండి. వానలు మొదలయ్యాక అందరూ ఒకేసారి మేస్త్రీల వెంట పడతారు, అప్పుడు రేట్లు పెరుగుతాయి, పనీ తొందర తొందరగా అవుతుంది.

పాలిమర్ మోర్టార్‌కు కంపెనీ చెప్పినట్టు, మామూలు ప్లాస్టరింగ్‌కు కనీసం ఏడు రోజులు తడపాలి. సీలింగ్‌కు నీళ్లు నిలవవు కాబట్టి రోజుకు నాలుగైదుసార్లు స్ప్రే చేయాల్సి వస్తుంది. లప్పానికి ముందు మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. ఇంట్లో పెళ్లి ఉందనో, సంక్రాంతి వస్తోందనో తడి ప్లాస్టరింగ్ మీద లప్పం పెట్టిస్తే అది పొరలు పొరలుగా లేచిపోతుంది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్క వేసుకుని రెండు నెలల ముందే పని మొదలుపెట్టండి.

ఎనిమిదో అడుగు: ఈ డబ్బు ఎవరు పెట్టుకోవాలి?

కొత్త ఫ్లాట్ తీసుకుని ఐదేళ్లు కాకపోతే మీ జేబులోంచి ఖర్చు పెట్టే ముందు ఆగండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ పని నాణ్యతలో లోపం గానీ బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. ఫోటోలతో ఈమెయిల్ లేదా రిజిస్టర్డ్ పోస్టు పంపండి. పలకకపోతే తెలంగాణ రెరాకో ఆంధ్రప్రదేశ్ రెరాకో ఫిర్యాదు చేయవచ్చు. మీరే ముందు పగలగొట్టించేస్తే లోపం బిల్డర్‌ది అని చూపడం కష్టమవుతుంది.

అపార్ట్‌మెంట్ టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి. కాబట్టి దాని వాటర్‌ప్రూఫింగ్ ఖర్చు అసోసియేషన్ నిధి నుంచి రావాలి. కింది అంతస్తువాళ్లు ‘మాకేం కారడం లేదు కదా’ అనడం ప్రతి చోటా వినిపించేదే. కానీ స్లాబు, పిల్లర్లు పాడైతే పోయేది భవనం మొత్తం విలువ. జనరల్ బాడీ సమావేశంలో ఫోటోలు, మూడు కొటేషన్లు పెట్టి తీర్మానం రాయించండి. పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి కారుతుంటే ఆ బాత్రూమ్ బాగు చేయించాల్సింది పై ఫ్లాట్ యజమాని. వాళ్లు అద్దెకిచ్చి అమెరికాలో ఉంటే రంగు నీళ్ల పరీక్ష వీడియో పంపి, మేస్త్రీని మీరే కుదిర్చి, డబ్బు వాళ్లు నేరుగా పంపేలా మాట్లాడుకోవడం ఉత్తరాలు రాసుకోవడం కంటే తొందరగా తెములుతుంది.

ఇంటి బీమా ఉంటే ఒకసారి పాలసీ తీయండి. 2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో తుపాను, వరదలతో పాటు వాటర్ ట్యాంకులు, పైపులు పగిలి జరిగిన నష్టం కూడా వస్తుంది. ఏళ్ల తరబడి తుప్పు పట్టి ఊడిన పెచ్చులకు బీమా ఆశ పెట్టుకోవద్దు. మరమ్మతు కోసం బ్యాంకు లోన్ తీసుకుంటే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు సొంతంగా ఉంటున్న ఇంటికి ఏటా రూ.30,000 దాకా వడ్డీని ఆదాయం నుంచి తగ్గించి చూపుకోవచ్చు. దానికీ బిల్లులు కావాలి.

పని అయిపోయాక ఆ కాగితాలు, ఖాళీ బకెట్ల మీది బ్యాచ్ నంబర్ల ఫోటోలు, రాడ్లు మూసే ముందు తీసిన ఫోటోలు ఒకే ఫైల్‌లో పెట్టండి. ఏటా వానలకు ముందు టెర్రస్ ఊడ్పించి, గొట్టాల నోళ్లలో ఆకులు తీయించి, కర్రతో సీలింగ్ మరోసారి కొట్టి చూడండి. ఆ పూట పనికి కూలీకి ఇచ్చే వెయ్యి రూపాయలు పోను వేరే ఖర్చేమీ ఉండదు.